ఎండకు చూపించని గుడ్డలు

ఏటిని కూడా "ఇక్కడ ఆగు" అని రాజులు శాసించే కాలంలో, కానుగపల్లె అని ఒక ఊరుండేది. అక్కడ సుంకులమ్మ అని గుడ్డలకు రంగులద్దే మనిషి ఉండేది. మొగుడు లేడు. ఒక్కగానొక్క కూతురు పాలపళ్లు ఊడకముందే జ్వరమొచ్చి పోయింది. ఏటి గట్టున పూడ్చారు. ఆ మట్టి మీద తంగేడు మొలిచింది. సుంకులమ్మ రోజూ పోయి దాని పక్కన కూర్చునేది.

రాజు ఏటికి అడ్డంగా కట్ట కట్టమన్నాడు. ఊరు మునుగుతుంది, గుట్ట మీదికి పోండని దండోరా వేయించాడు. జనం గడపలు పెరికారు, కుండలు కట్టారు, కోళ్లను బుట్టల్లో మూశారు. సుంకులమ్మకు కావలసింది బిడ్డ పడుకున్న ఆ చోటు. దాన్ని మూట కట్టడం ఎవరి వల్లా కాదు.

అయితే ఆమెకు ఒక సంగతి తెలుసు. పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ ఎండలో వెలిసిపోతుంది. దాని మీద ఆకు ఉంటే, ఆకు కింద మాత్రం పసుపు నిలుస్తుంది.

మూడు గుడ్డలకు పసుపు పట్టించింది. గాలికి లేవకుండా అంచుల మీద మట్టి కప్పింది, దాని కింద పసుపు పసుపుగానే ఉండిపోయింది. మొదటి గుడ్డ చేలో పరిచి జొన్నకంకి, ఉలవతీగ పెట్టింది. ఎండ కాచింది, బొమ్మ నిలిచింది. రెండోది వీధిలో పరిచి చేట, కొడవలి పెట్టింది. ఎండ కాచింది, బొమ్మ నిలిచింది. మూడోది ఏటి గట్టున పరిచి, తంగేడు కొమ్మను విరగకుండా వంచి ఆనించింది. ఎండ కాచింది, బొమ్మ నిలిచింది.

"ఏందక్కా, ఊరిని ఆరేస్తాండావా?" అని నవ్వారు జనం.

"అవు నాయనా, తడిసేలోపల ఆరేస్తాండా."

నీళ్లొచ్చాయి. నవ్విన నోళ్లే గుట్ట మీద ఆమె గుడిసె ముందు నిలబడ్డాయి. "అక్కా, మా చేను ఒక్కసారి చూపియ్యి." ఆమె తలుపు మూసి, దీపం పెట్టి, గుడ్డ మడత విప్పేది. "ఎండకు చూపియ్యొద్దు, వెలిసిపోతాది" అని ప్రతిసారీ చెప్పేది. మూడో గుడ్డ మాత్రం ఒక్కతే చూసుకునేది.

అట్లాగే ముసలిదై, ఒక ఎండాకాలం కన్నుమూసింది.

"ఊరిని దాచిపెట్టిన మనిషి. ఆ గుడ్డలే కప్పి సాగనంపుదాం" అన్నాడు ఊరిపెద్ద వీరనాగన్న.

"ఎండకు చూపియ్యొద్దనింది గదప్పా" అంది తిప్పవ్వ అనే ముసలామె.

"ఒక్క పూటకు ఏమైతాది లేవ్వా."

ప్రేమ ముదిరితే మనవాళ్లకు చెవులు పనిచేయవు. మూడు గుడ్డలూ పక్కపక్కన కప్పి, డప్పులతో బయలుదేరారు. గుట్టంతా రాయి, గొయ్యి తవ్వే మట్టి చాలా దూరాన ఉంది. గాలి జోరుగా ఉందని అటూ ఇటూ నడిచేవాళ్లు గుడ్డల అంచులు గట్టిగా పట్టుకున్నారు. నడినెత్తిన ఎండ.

పాడె దించి చూశారు. జొన్నకంకి లేదు. చేట లేదు. తంగేడు కొమ్మ లేదు. గుడ్డలు తెల్లగా ఉన్నాయి.

వీరనాగన్న కూలబడ్డాడు. "రాజు ఒకసారి ముంచినాడు. నేను రెండోసారి ముంచినా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిప్పవ్వ ఆయన్ని లేపబోయింది. పట్టుకున్న అంచు వదిలి, దాని వంక చూసి ఆగిపోయింది. ఆమె చెయ్యి ఉన్నచోట పసుపు పోలేదు. అయిదు వేళ్లూ కనబడుతున్నాయి. అందరూ వదిలి చూసుకున్నారు. అంచుల పొడవునా చేతులే.

"చెయ్యి తియ్యని కాడ నిలిచింది" అంది తిప్పవ్వ.

తంగేడు వెలిసిన గుడ్డను సుంకులమ్మకు చుట్టి పూడ్చారు. బిడ్డ పక్కన పెట్టలేకపోయామని ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు.

ఇప్పటికీ ఆ గుట్ట మీద ఎవరు పోయినా పసుపు గుడ్డ కప్పి, అయినవాళ్లంతా అంచులు పట్టుకుని నడుస్తారు. తరువాత దాన్ని మడిచి చీకట్లో దాచుకుంటారు. దారిలో కొత్తవాళ్లకు పక్కవాళ్లు మెల్లగా చెబుతారు, "చెయ్యి తియ్యొద్దు" అని. అందుకే ఆ ఊళ్లో శవం వెంట నడిచేవాళ్లు కన్నీళ్లు తుడుచుకోరు.