మంగతాయారు ఇంటి పరుగుల కంప్యూటరు

రామచంద్రపురం బొగ్గుల వీధిలో ఎవరికి తెలివి తక్కువైనా తమ ఇంటికొచ్చి చేబదులు పట్టుకెళ్ళాల్సిందేనని మంగతాయారు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలు కూడా ఉన్నాయి. ఆవిడ భర్త నూకరాజుకి డాక్టరు బీపీ మాత్రలిచ్చి, "రోజూ భోజనానికి ముందు వేసుకోండి" అన్నాడు. అంతే, నూకరాజు రోజూ భోజనానికి ముందు, అంటే కంచానికి సరిగ్గా ఎదురుగా, ఒక మాత్ర వేసుకుని తినేవాడు. తిన్నాక దాన్ని తీసి మళ్ళీ సీసాలో పడేసేవాడు. ఏడాదైనా సీసా తరగలేదు. "మందు వాడడం తెలిసిన మనిషండీ మా ఆయన" అని మంగతాయారు వీధంతా చెప్పుకుంది.

మరిది పేర్రాజు ఇంకో మెట్టు పైన. వాడికి కంప్యూటరుంది. మూతపడ్డ కేబుల్ ఆఫీసు వాళ్ళు పారేయబోతుంటే మోసుకొచ్చుకున్నాడు. మీట నొక్కి, స్నానం చేసి, టిఫిను తిని వస్తే అప్పటికి తెర వెలిగేది.

ఇలా ఉండగా తుని నించి మంగతాయారు అక్క రత్నమాణిక్యం ఫోను చేసింది, ఆదివారం వస్తున్నానని. మంగతాయారుకి ఎప్పటి కక్షో గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవుల్లో టీవీకి ఆటపెట్టె తగిలించి అక్కాచెల్లెళ్ళు కారు పందెం ఆడితే, అక్క గెలిచింది. గెలిస్తే గెలిచింది, అప్పట్నించీ ఏ పెళ్ళిలో కనిపించినా పదిమందిలో, "మా చెల్లి కారు ఇంకా వస్తూనే ఉందండీ, దారిలో ఉంది" అంటుంది.

"ఈసారి దాన్ని ఓడించకపోతే నా పేరు మంగతాయారు కాదు" అంది.

"మరి ఏం పేరు పెట్టుకుంటావు?" అన్నాడు నూకరాజు. రేషను కార్డులో మార్పించాలి కదా అని ఆయన బెంగ.

ఆ పాత ఆటపెట్టె ఎప్పుడో చచ్చింది. పేర్రాజు వెళ్ళి కంప్యూటర్ల షాపు మస్తాన్‌ని అడిగితే, అతను ఇంటికొచ్చి ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాం ఎక్కించాడు. "ఇది పాత ఆటపెట్టెలా నటిస్తుందండి. దాంతో పాత ఆటలన్నీ ఇందులో ఆడుకోవచ్చు" అన్నాడు.

"నటించేదాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా?" అని నూకరాజు గొణిగాడు. అయినా ఆట వచ్చింది. వచ్చింది గానీ, తెరమీద కారు ముక్కుతూ మూలుగుతూ, రెండడుగులేసి ఆగి, ఆలోచించుకుని మళ్ళీ కదుల్తోంది.

మర్నాడు పేర్రాజు మస్తాన్‌కి ఫోను చేశాడు. అతను షాపులో బేరాల మధ్య ఉన్నాడు. "ముందు దుమ్ము దులపండి. లోపల ప్రాసెసర్ అని ఉంటుంది, దానికి పాత పేస్టు తుడిచి కొత్త పేస్టు రాయండి. వేడి తగ్గుతుంది" అని పెట్టేశాడు.

ఇంకేముంది, పరుపు దుమ్ము ఎలా దులుపుతారో వాళ్ళకి తెలియదా? పెట్టెని డాబా మీదికి మోసి, అన్నదమ్ములిద్దరూ చెరో కర్ర పట్టుకుని దులిపారు. దుమ్ముతోపాటు నాలుగు మరలూ, ఒక బల్లీ రాలాయి.

"ఇన్నాళ్ళూ బల్లి మీద నడిచిందన్నమాట" అన్నాడు పేర్రాజు.

తరవాత పేస్టు. లవంగం పేస్టు మంచిదా, ఉప్పు పేస్టు మంచిదా అని కాసేపు వాదించుకున్నారు. "వేడి తగ్గాలన్నాడు కాబట్టి పుదీనా" అని మంగతాయారు తేల్చింది. మెత్తటి బ్రష్షు తెచ్చి, పైకీ కిందకీ, పళ్ళ డాక్టరు టీవీలో చెప్పినట్టే తోమింది. తోమాక ఒక్క క్షణం నిలబడిపోయింది.

"ఏవండీ, పేస్టు వేసి పుక్కిలించకుండా ఎలా?"

అంతే. ఒక గ్లాసుడు నీళ్ళు లోపల పోసి, పెట్టెని అటూ ఇటూ ఊపి, పెరట్లో వంచారు.

ఇక అది వెలక్కపోయేసరికి సాయంత్రం షాపుకి మోసుకెళ్ళారు. మస్తాన్ మూత తీసి చూస్తే, అప్పుడే పళ్ళు తోముకున్న నోరు తెరిచినట్టు పుదీనా వాసనొచ్చింది. వీళ్ళ కంప్యూటరు వీళ్ళ చేతుల్లో ఉంటే ఆదివారం దాకా బతకదని అర్థమై, మస్తాన్ తనే శుభ్రం చేసి ఆరబెట్టాడు. "దీనికి మెమరీ కూడా తక్కువండి. అదీ పెంచి, పాత డిస్కు తీసి, దానికన్నా వేగంగా పనిచేసే కొత్త ఎస్ఎస్‌డీ వేస్తాను. రేపు రండి" అన్నాడు.

"మెమరీ అంటే జ్ఞాపకశక్తే కదండీ?" అంది మంగతాయారు.

"అంతేనండి."

మర్నాడు ఆవిడ నానబెట్టిన బాదంపప్పులు పట్టుకెళ్ళింది. మస్తాన్ అవి తీసుకుని తనే తినేశాడు. "ఆయనకీ తక్కువేలా ఉంది పాపం" అనుకుందావిడ.

పెట్టె మూత బిగించి అప్పగిస్తూ మస్తాన్ రెండే ముక్కలు చెప్పాడు. "ఇప్పుడు చూడండి, ఇది ఎలా పరిగెడుతుందో. ఆట మధ్యలో ఆపాల్సి వస్తే మాత్రం సేవ్ చేసుకోండి, ఎక్కడ ఆపారో అక్కడినించే మొదలవుతుంది."

ఇంటికొచ్చేదాకా పేర్రాజు ఆ పెట్టెని గుండెకి అదుముకునే ఉన్నాడు. పరిగెడుతుందన్నాక ఆటోలో ఎవరు నమ్ముతారు? గుమ్మం దాటగానే తలుపులు వేసేశారు. ఒరుసుకుపోతుందేమోనని చుట్టూ గోనెసంచి చుట్టి, దానిమీద పలుపుతాడు బిగించి, కిటికీ ఊచకి కట్టారు. నూకరాజు కుర్చీ వేసుకుని గుమ్మంలో కూచున్నాడు.

"ఎటు పరిగెడుతుందో అడిగావట్రా?"

"లేదన్నయ్యా. కేబుల్ ఆఫీసు వైపే అయ్యుంటుంది, పుట్టిల్లు కదా."

శనివారం మంగతాయారు సాధనకి కూచుంది. ఆహా, కారు వెన్నలో కత్తిలా పోతోంది. మూడు మలుపులు దాటాక పొయ్యి మీద పప్పు మాడు వాసన కొట్టింది. ఆట ఆపాలి. ఆపితే? సేవ చేసుకోమన్నాడుగా.

ఇంకేముంది, పేర్రాజు విసనకర్రతో విసిరాడు. పెట్టెకి కాళ్ళు కనపడక, నూకరాజు కూచుని తీగలు పట్టాడు. మంగతాయారు పులిహోర నైవేద్యం పెట్టి, హారతిచ్చి, చివర్న మీట నొక్కి ఆర్పింది. మళ్ళీ తెరిస్తే ఆట మొదటికే వచ్చింది.

"సేవలో ఏదో లోపం జరిగింది" అంది.

"పులిహోరలో ఇంగువ తగ్గింది వదినా" అన్నాడు పేర్రాజు.

ఆదివారం రత్నమాణిక్యం దిగింది. కాఫీ తాగుతూనే, "ఏమే, నీ కారు వచ్చిందా, ఇంకా దారిలోనే ఉందా?" అంది. మంగతాయారు జడ ముడేసి, కొంగు దోపి, కారు తిప్పే జాయ్‌స్టిక్ అందుకుంది.

పందెం మొదలైంది. మొదటి చుట్టులో అక్క ముందు. రెండో చుట్టులో సమం. అక్క కారు మలుపు తిరిగినప్పుడల్లా అక్క కూడా వంగి నూకరాజు ఒళ్ళో పడుతోంది. మూడో చుట్టు చివర మంగతాయారు కారు ముందుకొచ్చేసింది. ఎదురుగా గెలుపు గీత, జానెడు దూరం.

సరిగ్గా అప్పుడు తెర బిగుసుకుపోయింది. ఒంటినిండా గోనె చుట్టుకుని ఏ యంత్రం మాత్రం ఎంతసేపని ఊపిరి బిగబడుతుంది? పెట్టె పొయ్యిలా కాలిపోతోంది.

పేర్రాజు ఫోను కొట్టాడు. "మస్తానుగారూ, కదలట్లేదండి."

"రీస్టార్ట్ చెయ్యండి."

"అంటే?"

"మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టడమేనండి" అని అతను పెట్టేశాడు.

అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మొదట్నించి అంటే ఎక్కడ్నించి? రత్నమాణిక్యం కూడా మంగతాయారు రక్తమే. ముందుగా తేరుకున్నది ఆవిడే. "మొదలు నేను తునిలో బస్సెక్కడం కదే" అంది.

మంచి పాయింటే. అంతే, ఆవిడ సంచి సర్దుకుంది. "మొదట్లో కట్లు లేవు, నేను విప్పుతాను" అని నూకరాజు ఇంట్లో ఉండిపోయాడు. మంగతాయారూ పేర్రాజూ అక్కని బస్టాండుకి తీసుకెళ్ళి తుని బస్సు ఎక్కించారు.

బస్సు కదులుతుంటే అక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఒసే, తాగిన కాఫీ మాటేమిటే?"

"తాగలేదనే లెక్కక్కా. వచ్చాక మళ్ళీ ఇస్తాను."

మంగతాయారు ఇంటికొచ్చేసరికి నూకరాజు గోనెసంచి మడతపెట్టి, తాడు చుట్టి, విజయగర్వంతో కూచుని ఉన్నాడు. తెర నల్లగా ఉంది.

"ఏమైందండీ?"

"గోనె విప్పి కాసేపు చల్లగాలి తగలనిచ్చాను తాయారూ. దానంతటదే కదిలింది. నీ కారు రయ్యిమని గీత దాటేసింది. బాజాలు మోగాయి, నువ్వు గెలిచావని తెరంతా రాసింది."

మంగతాయారు తెర దగ్గరికి పరిగెత్తింది. ఎన్నేళ్ళ మాట. "మరి తెర నల్లగా ఉందేమండీ?"

"ఊరుకుంటానా, తీగ పీకేశాను."

"ఎందుకు?"

"మీ అక్క ఇంకా బస్సు దిగనే లేదు. మనిషి రాకుండానే ఓడించేస్తే దొంగాట కాదూ?"

మంగతాయారు ఆలోచించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సమయానికి చూశారండీ" అంది. "లేకపోతే అక్క ముందు మన పరువేం కాను?"