గాలి ఎగ్గొట్టిన పేర్లు

ఒకప్పుడు దుర్భిణులన్నీ నేలమీదే ఉండేవి. కొండలెక్కి కూర్చుని, మెడలు నిక్కించి చుక్కల్ని చూసేవి.

గాలికి అదే ఆట. ఎంతో దూరం నుంచి అలసి వచ్చిన చుక్కల వెలుగును దారిలో పట్టుకుని చక్కిలిగింతలు పెట్టేది. ఆ వెలుగు మెలికలు తిరిగిపోయి, దుర్భిణికి అంతా అలుక్కుపోయినట్టు కనిపించేది.

ఒక కొండమీద తన దుర్భిణితో వకుళమ్మ ఉండేది. కొత్త చుక్క కనిపిస్తే పేరు పెట్టేది ఆవిడే. బారసాలలో మేనత్త బిడ్డ చెవిలో చెప్పినట్టు, ఆ పేరును మెల్లగా గాలికి చెప్పి పంపేది. గాలి కాసేపటికి తిరిగొచ్చి, "చెప్పేశానత్తా, భలే మురిసిపోయింది" అనేది. వకుళమ్మ నమ్మేది. పాపం, మంచి మనిషి.

పెద్ద చుక్క ఒకదాని పక్కనే ఒక బుల్లి చుక్క ఉంది. గాలి అల్లరి వల్ల ఆ రెండూ కిందికి ఒక్కటిగానే కనిపించేవి. బుల్లి చుక్క ఏడుపుముఖం పెట్టి, తన వెలుగుతో కబురంపింది: "అందరికీ పేరుందట. నాకే లేదు. నేనున్నానని ఒక్కరికైనా తెలుసా?"

వకుళమ్మ మనసు చివుక్కుమంది. గాలిని బతిమాలింది, కసిరింది. అది వింటేనా? దాంతో ఆవిడ దుర్భిణిని రాకెట్ ఎక్కించి, గాలి అందుకోలేనంత ఎత్తుకు పంపేసింది.

పైకి వెళ్ళిన దుర్భిణి కళ్ళు తెరిచింది. అయ్యో రామా, అక్కడా అంతా మసకే! కింద గాలి పొట్ట పట్టుకుని నవ్వింది. ఇప్పుడెవరు చక్కిలిగింతలు పెట్టారని అడిగింది.

తప్పు దుర్భిణిని తయారుచేసిన వకుళమ్మ మనుషులదే. దుర్భిణి అద్దాన్ని ఎంతో ఓపిగ్గా నున్నగా అరగదీశారు. కానీ కొలిచిన కొలబద్దే వెంట్రుకవాసి తేడా. తప్పు కొలతకు సరిగ్గా సరిపోయేలా చేశారన్నమాట! వకుళమ్మ సిగ్గుపడింది. అయినా ఊరుకోలేదు. మనుషుల్నే పైకి పంపి దుర్భిణికి కళ్ళజోడు పెట్టించింది.

అప్పుడు కనిపించింది బుల్లి చుక్క. పెద్ద చుక్కకు కాస్త ఎడంగా, ఘాటుగా మెరుస్తూ నిలబడి ఉంది. దుర్భిణి కబురు పంపగానే వకుళమ్మ ఆనందంతో ఏడ్చేసింది. చిట్టిమిరియం అని పేరు పెట్టి, ఆ పేరును గాలికి అప్పగించింది.

గాలి ఎప్పటిలాగే కాసేపు తిరిగొచ్చి, చెప్పేశానంది. కానీ ఈసారి పైన దుర్భిణి ఉందిగా! నీకు పేరు అందిందా అని చిట్టిమిరియాన్ని అడిగింది. ఏ పేరూ వినలేదంది. మిగతా చుక్కల్నీ అడిగింది. వాటికీ తమ పేర్లు తెలియవట.

గుట్టు రట్టయింది. గాలి ఉండేది భూమిని అంటిపెట్టుకునే. చుక్కల దాకా అది ఏనాడూ వెళ్ళనేలేదు. పేర్లన్నీ దారిలో మింగేసి, ఉత్తి కబుర్లు చెప్పింది.

వకుళమ్మ గాలిని పిలిచింది. "ఆ పసిది ఇన్నేళ్ళు ఎదురుచూసింది. మింగిన పేరు నువ్వే వెళ్ళి దానికి చెప్పాలి, అందాకా నాకు మొహం చూపించకు" అంది.

గాలికి మొదటిసారి సిగ్గేసింది. చిట్టిమిరియం నుంచి కిందికి వేలాడుతున్న వెలుగు దారాన్ని పట్టుకుని పైకి పాకింది. కొంత దూరం పోయాక జర్రున జారింది. మళ్ళీ పాకింది. మళ్ళీ జారింది. మింగేసిన పేర్లు ఇంకా బోలెడున్నాయి కదా, మిగతా చుక్కల దారాలూ పట్టుకుంది.

అప్పటినుంచీ దుర్భిణి పైనే ఉండిపోయింది. పైనున్న దానికి చుక్కలు కదలకుండా కనిపిస్తాయి. కింద ఉన్న మనకు మాత్రం మిణుకుమిణుకుమంటాయి. అది గాలి ఇంకా పాకుతూ, జారుతూ ఉండటమే. పైనున్న చిట్టిమిరియం చెవి ఒగ్గి వింటూనే ఉంది.