ఒత్తిగిలమ్మ ఎందుకు పక్కకి పడుకుంది

మన గుట్టకి ఫస్ట్ టైం వచ్చినోళ్లు గర్భగుడిలోకి చూసి, "అయ్యయ్యో, విగ్రహం పడిపోయింది!" అని అరుస్తారు. పడిపోలేదు సామీ. అమ్మ పడుకుంది. ఎడమ పక్కకి ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని. అందుకే ఒత్తిగిలమ్మ. కథ వింటే దిమ్మ తిరుగుద్ది.

పూర్వం ఇక్కడ అమ్మ నిలబడే ఉండేదంట. గుట్ట కింద మోనాచారి అని కమ్మరాయన. అప్పట్లో ఫిట్స్ అంటే గాలి సోకడం, ఇనుము పట్టిస్తే గాలి పోద్ది అని నమ్మకం. ఎవరు పడినా మోనాచారి కొలిమికే పరుగు. ఈయన ఇనప ముక్క తెచ్చి చేతిలో పెట్టేలోపు ఫిట్ దానంతటదే ఆగేది. పేరు మాత్రం ఇనుముకి! ఆయన కూడా నమ్మేశాడు.

అలాంటోడి కూతురు కాళికే ఫిట్స్ మొదలయ్యాయి. పదేళ్ల పిల్ల. చేతిలో ఇనుము పెట్టినా మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకసారి పళ్ల మధ్య ఊచ దూర్చాడు. రెండు పళ్లు ఊడొచ్చాయి. కన్నతండ్రి అండీ!

"ఇది మొండి గాలి ఆచారీ, చల్లటి ఇనుముకి లొంగదు. కర్రు కాల్చి నుదుట పెట్టు" అన్నారు ఊరోళ్లు.

"చచ్చిపోద్దిరా పిల్ల!" అని నాయనమ్మ గోవిందమ్మ మొత్తుకుంది.

"ఊరందరికీ తగ్గించినోణ్ణి, నా బిడ్డకి తగ్గించలేనా? నువ్వూరుకోమ్మా" అన్నాడు.

మంగళవారం పొద్దున అమ్మోరి ముందే నిప్పు రాజేసి, నాగలి కర్రు ఎర్రగా కాల్చాడు. అది చూసి కాళి కేక పెట్టి అక్కడే పడిపోయింది. నలుగురు మగాళ్లు వెల్లకిలా అదిమి పట్టారు. ఒకడైతే కాళ్ల మీద కూర్చున్నాడు. నురగ గొంతుకి అడ్డం పడింది. పెదాలు నీలం. మోనాచారి కర్రు ఎత్తాడు.

ధబ్!

చూస్తే అమ్మ నేల మీద. దీవించే చెయ్యి చెంప కిందకి పోయింది. రాయి అది, రాయి! నలుగురూ పిల్లని వదిలేసి ఒకటే పరుగు. గోవిందమ్మ మాత్రం కదల్లేదు. అమ్మని చూసింది, మనవరాల్ని చూసింది. అమ్మ ఎలా పడుకుందో పిల్లనీ అలాగే తిప్పింది. నురగంతా బయటికి కారిపోయింది, గుర్రుమని ఊపిరి లోపలికెళ్లింది.

కాసేపటికి కాళి కళ్లు తెరిచి, తండ్రి చేతిలోది చూసి, "నేనేం తప్పు చేశా నాన్నా?" అంది. ఆయన కర్రు అవతల పారేశాడు.

తర్వాత పన్నెండు ఎద్దులు కట్టి లాగినా అమ్మ లేవలేదు. మోనాచారి కల్లోకొచ్చి, "నన్ను లేపొద్దు. చూసి నేర్చుకోండి" అందంట. కాళికి ఆ తర్వాత కూడా ఫిట్స్ వచ్చాయి, అబద్ధమెందుకు. కానీ ఎవరూ అదమలేదు, కాల్చలేదు. ముసలమ్మ అయ్యేదాకా బతికింది.

ఇప్పటికీ గుళ్లో ఎవరైనా ఫిట్స్ వచ్చి పడితే డప్పు ఆగుద్ది, జనం వెనక్కి జరుగుతారు. పక్కకి తిప్పి, తల కింద తువ్వాలు పెడతారు. నోట్లో ఏదీ పెట్టరు, నీళ్లు కూడా. ఐదు నిమిషాలు దాటితే ఆటోలో ఆస్పత్రికే.

మొన్న జాతరలో ఒకావిడ ఫిట్స్ ఉన్న కొడుకుని తెచ్చి, "అమ్మ దయ ఉండగా మాత్రలెందుకని మానిపించా" అంది. పూజారి పుల్లమ్మవ్వ తీర్థం గిన్నె వెనక్కి తీసుకుంది. "నీకు చెప్పడానికి అమ్మ ఇంకెన్నిసార్లు పడాలే? పో, డాక్టర్ చీటీ చూపించి మందు తేపో." ఆవిడ ఏడుస్తూ దిగి, మందు తెచ్చింది. అవ్వ ఆ మాత్ర పిల్లోడి నాలుక మీద పెట్టి, మూడు ఉద్ధరిణెల తీర్థం పోసి మింగించింది.

అమ్మ మీ ఇంటి పిల్లల ఊపిరి కాపాడుగాక.