లోయలోంచి పిలిచిన గొంతు

ఎండ కూడా ఆలస్యంగా, భయం భయంగా వచ్చే అడవి ఒకటి ఉండేదంట పిల్లలూ. ఆ అడవిలో జంతువులు బంతాట ఆడేవి. బంతి అంటే వెలక్కాయ. మద్దిచెట్టుకి తీగలతో అల్లిన బుట్ట కట్టి, అందులో వెయ్యాలి. జట్టులో ఐదుగురే. కూర్చోడానికి ఐదు రాళ్లు. ఐదో రాయి పింజి అనే కుందేలు పిల్లది.

ఈమధ్య పింజి గురి తప్పుతోంది. పైగా తుర్రుగాడని ఒక ముంగిస పిల్ల కొత్తగా వచ్చాడు. ఆట నేర్పే ఎలుగుబంటి గుబురయ్య మావ, మూడు రోజులు ఇద్దరూ ఆడండి, ఎవరు ఎక్కువ వేస్తే ఐదో రాయి వాళ్లది అని చెప్పేశాడు. పింజికి ఆ పూట గడ్డి కూడా సహించలేదు.

ఆడే చోటు పక్కనే ఒక లోయ. దాన్నిండా ఎప్పుడూ పొగమంచే. బంతి అందులో పడితే వేసినవాళ్లే దిగి తెచ్చుకోవాలి. వాళ్లొచ్చేదాకా పైనున్నవాళ్లు పేరు పెట్టి పిలుస్తూనే ఉండాలి. ఆ పిలుపు పట్టుకునే దారి తెలుస్తుంది. ఆపకూడదు. ఎందుకు ఆపకూడదని అడిగితే మాత్రం పెద్దవాళ్లు మాట మార్చేసేవాళ్లు.

మొదటి రోజు పింజి బంతి పడింది. తుర్రుగాడు గొంతు బొంగురుపోయేలా పిలిచాడు. పింజి పైకొచ్చి, "జలుబు చేసిన కప్పలా ఉన్నావురా" అని వెక్కిరించింది. రెండో రోజు వాడి బంతి పడింది. పింజి పిలిచింది, వాడొచ్చేశాడు. సాయంత్రానికి ఇద్దరూ సమానం.

మూడో రోజు పొద్దున్నే మావ మిగతా జట్టుని వాగుకి తీసుకెళ్లాడు. ఈలోగా తుర్రుగాడి బంతి లోయలోకి దొర్లింది. "పిలుస్తూ ఉండు అక్కా" అని వాడు దిగిపోయాడు.

పింజి రెండుసార్లు పిలిచింది. మావ వచ్చేసరికి వీడు లేకపోతే రాయి నాదే కదా అనిపించింది. ఎక్కడికి పోతాడు, కాస్త ఆలస్యమవుతుంది, అంతేగా. నోరు మూసుకుంది.

అడవి మొత్తం చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు లోయలోంచి ఎవరో పిలిచారు. "తుర్రూ... తుర్రూ..."

అది పింజి గొంతే. పింజి మూతి తడుముకుంది. పెదాలు కదలడం లేదు. ఆ గొంతు మాత్రం ఇంకా లోపలికి పోతూ పిలుస్తోంది. వస్తున్నా అక్కా అంటూ తుర్రుగాడు దాని వెనకే వెళ్తున్నాడు.

పింజి వాడి పేరు గట్టిగా అరిచింది. కింద గొంతూ అలాగే అరిచింది. వాడి అడుగులు ఆగిపోయాయి. రెండూ ఒకే గొంతైతే ఎటని వెళ్తాడు?

ఆ గొంతుకి పేరు తప్ప ఇంకో ముక్క రాదని పింజికి అర్థమైంది. కింద పిలిచేది తను కాదని వాడు నమ్మాలంటే, తను పిలవడం ఆపేసిన సంగతి చెప్పాలి. సరిగ్గా అప్పుడే మావ, జట్టు వెనక్కి వస్తూ కనిపించారు. చెబితే అందరూ వింటారు.

"ఒరేయ్, కింద పిలిచేది నేను కాదు. రాయి కోసం నేను పిలవడం ఆపేశాను. తప్పు నాదేరా. ఇటు రా."

కింద గొంతు ఆగిపోయింది. చాలాసేపటికి తుర్రుగాడు పైకొచ్చాడు. వాడి తోక చివర చల్లగా బిగుసుకుపోయి ఉంది, ఎవరో పట్టుకుని వదిలినట్టు.

మావ తిట్టలేదు. "చెప్పావు కాబట్టి వీడు వచ్చాడు. కానీ ఆపావమ్మా. రాయి వాడిదే" అన్నాడు. ఇద్దరం సర్దుకుని కూర్చుంటామని తుర్రుగాడు బతిమాలినా ఒప్పుకోలేదు.

పింజి రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే వచ్చి లోయ అంచున నిలబడింది. ఆ రోజూ తుర్రుగాడి బంతి పడింది. వాడు దిగాడో లేదో, పింజి గొంతుతో కింద పిలుపు మొదలైంది. వాడు మంచులో ఆగి చెవులు రిక్కించాడు.

"ఒరేయ్ తుర్రూ, ఇందాక నువ్వేసిన బంతి బుట్టకి కాదు, మావ బొజ్జకి తగిలింది" అని పైనుంచి వినిపించింది.

వాడు నవ్వుకుంటూ అటే ఎక్కాడు.

నీతి: మన చోటు కాపాడుకోడానికి తోటివాణ్ణి వదిలెయ్యకూడదు; వదిలేస్తే, ఏం పోయినా సరే వెంటనే నిజం చెప్పి వెనక్కి పిలుచుకోవాలి.