వెనక్కి నడిచిన ఒంటె

దస్తగిరికి ఒంటె లొంగలేదు. అరచేతిలో నిలబడేంత ఒంటె. కాళ్లు, మెడ, మూపురం అన్నీ తానే కంప్యూటర్‌లో గీసి, దర్గాలో పిల్లల గదిలో ఉన్న త్రీడీ ప్రింటర్‌తో ప్లాస్టిక్ బొమ్మగా అచ్చు తీశాడు. అంతవరకు అతనికి తిరుగులేదు. దాన్ని నడిపించే మోటారు, బ్యాటరీ, తీగల సంగతే అతనికి బొత్తిగా కొత్త. ఆ ముక్క పైకి చెబుతాడా? చచ్చినా చెప్పడు.

మర్నాటి నుంచే దర్గాలో పిల్లలకు ఇలాంటి నడిచే బొమ్మలు చేసే పాఠాలు మొదలు. చెప్పాల్సింది దస్తగిరే. మోటారు కిట్లు ఏ రకం తెప్పించాలో తేల్చే పని కూడా దర్గా పెద్ద కరీముల్లా బాబా అతని నెత్తినే పెట్టారు. కొట్టువాళ్లు నమూనాకని రెండు రకాలు పంపితే, దస్తగిరి రెండు ఒంటెలకు బిగించి చూశాడు. మొదటిది బుద్ధిగా ముందుకు నడిచింది. రెండోది వెనక్కి పోయింది. కాళ్లు తిరగేసి గీశానేమోనని ఆ కాళ్లు పీకేసి కొత్తవి అచ్చు తీశాడు. కొత్త కాళ్లతోనూ అది వెనక్కే పోయింది. పాఠం చెప్పేవాడికే అంతుపట్టలేదని పిల్లలకు తెలిస్తే ఇక తల ఎక్కడ పెట్టుకోవాలి? ఆ దిగులుతో అతనికి అన్నం కూడా సయించలేదు.

సాయంత్రం బాబా దర్గా వసారాలో, సమాధికి ఎదురుగా చాప మీద కూర్చుని ఉన్నారు. దస్తగిరి మొదటి ఒంటెను ఆయన ముందు నడిపించాడు.

"ఇదే తెప్పిద్దాం బాబా. దీని తీగల కొసన ప్లగ్గు ఉండాది. అది ఒక్క తీరుగానే పడుతుంది. పిల్లోళ్లు తప్పు చేద్దామన్నా చెయ్యలేరు."

"రెండోదో?"

"అది నడవదు బాబా. పనికిరాని సరుకు."

బాబా చెయ్యి చాపారు. దస్తగిరికి ఇవ్వక తప్పలేదు. ఆయన ఒంటెను సమాధి వైపు తిప్పి నిలబెట్టి, స్విచ్చి నొక్కారు.

అదే సమయానికి మొక్కు తీర్చుకున్న ఒకామె బయటికి పోతోంది. ఆ దర్గాలో సమాధికి వీపు చూపి ఎవరూ బయటికి పోరు. ఆమె కూడా నెత్తిన కొంగు కప్పుకుని, సమాధి వైపే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. ఒంటె కూడా టకటకమంటూ ఆమె పక్కనే వెనకడుగులు వేసింది. ఆమె దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

బాబా కూడా పకపకా నవ్వారు. "నడవదంటివే! ఎంత మర్యాదగా పోతాందో చూడు!"

దస్తగిరికి నవ్వు రాలేదు. దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది. "కాళ్లు మార్చినా ఎనక్కే పోతాంది బాబా. ఎందుకో నాకు తెలీదు. అసలు ఈ మోటార్ల పనే నాకు తెలీదు. రేపు పిల్లోళ్ల ముందర ఏం మొగం పెట్టుకుని నిలబడల్ల?"

బాబా మొదటి ఒంటెను అతని ముందుకు జరిపారు.

"దీన్ని గూడా ఒకసారి ఎనక్కి నడిపించు."

దస్తగిరి ప్లగ్గు పీకి తిరగేసి పెట్టబోయాడు. పట్టలేదు. గట్టిగా నొక్కాడు. అయినా పట్టలేదు. తక్కిన తీగలన్నీ అతికేసిన డబ్బాలో ఉన్నాయి.

"కాదు బాబా. తీగలు తారుమారు కాకుండా చేసినారు దీంట్లో..."

అంటూ అంటూనే అతను ఆగిపోయాడు. చూపు రెండో ఒంటె మీదికి పోయింది. దానికి ప్లగ్గు లేదు. ఎర్ర తీగ, నల్ల తీగ చిన్న స్క్రూల కింద బయటికే కనిపిస్తున్నాయి. వాటిని బిగించింది తానే.

తల ఎత్తేసరికి బాబా చేతిలో స్క్రూడ్రైవరు అతని కోసమే ఎదురు చూస్తోంది.

దస్తగిరి స్క్రూలు వదులు చేశాడు. ఎర్ర తీగ చోట నల్లది, నల్లదాని చోట ఎర్రది పెట్టి బిగించి, స్విచ్చి నొక్కాడు. ఒంటె ఒక్క క్షణం తటపటాయించి, ముందుకు నడిచి అతని మోకాలిని ఢీకొంది. పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. "కాళ్లది తప్పే కాదు బాబా! అనవసరంగా వాటిని పీకితి!" అని తనను తానే తిట్టుకుంటూ, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు.

"మరి యాది తెప్పిద్దాం?" అన్నారు బాబా.

"రెండోదే. దీంట్లో అయితే పిల్లోళ్లు తీగలు మార్చి చూడొచ్చు." ఆ మాట అన్నాక దస్తగిరి మళ్లీ నీళ్లు నమిలాడు. "కానీ బాబా, నాకు తెలిసింది ఇంతే. అన్నీ తెలిసినోణ్ని ఎవర్నన్నా పిలిపిస్తే..."

"తెలిసినోడే కావాల్నంటే నిన్నెందుకు పిలుస్తాన్రా?"

ఆ రాత్రి దస్తగిరి కడుపునిండా తిని హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పిల్లలు రాకముందే గదికి వచ్చి, రెండో ఒంటె స్క్రూలు వదులు చేసి, తీగలు మళ్లీ తారుమారు చేశాడు. పిల్లలంతా చుట్టూ చేరాక దాన్ని నేల మీద పెట్టి స్విచ్చి నొక్కాడు. ఒంటె వెనక్కి నడిచింది.

"సార్, కాళ్లు తిరగేసి పెట్టినారు!" అని గదంతా గోల.

"అట్లంటారా?" అన్నాడు దస్తగిరి, స్క్రూడ్రైవరును వాళ్ల మధ్యకు జరుపుతూ.