దూది కట్టిన గంటలు

రాజు ఏనుగు మీంచి పడ్డాడు. ఏనుగుకేమీ కాలేదు.

యుద్ధంలో పడి ఉంటే గొప్పగా చెప్పుకోవచ్చు. ఇది ఆ బాపతు కాదు. పత్తిచేలు చూడ్డానికి బయల్దేరినవాడు, అంబారీలో లేచి నిలబడి, వెనకాల పల్లకీలో వస్తున్న రాణిని ఏడిపించబోయి జారాడు. రోజుకో పేరు పెట్టి భార్యను పిలవడం ఆయనకి అలవాటు. మొన్న ఉలవచారు. నిన్న ఊరేగింపు గుర్రం. ఆ పూట "ఏమే, ఇవాళ నువ్వు..." అని ఎత్తుకున్నాడు.

"ష్! జనం చూస్తున్నారు," అంది రాణి.

అంతే. మరుక్షణం రాజు కింద ఉన్నాడు, తల కింద రాయి ఉంది.

మూడోనాటికి కళ్ళు తెరిచాడు. పదోనాటికి లేచి నడిచాడు. పెట్టింది తిన్నాడు. మాట మాత్రం రాలేదు. రాణిని చూసినప్పుడు నోరు తెరిచేవాడు, లోపల దేనికోసమో వెతికేవాడు, దొరక్క మూసేసేవాడు. ఆ రోజు తానేమిటో, గుర్రమో గుమ్మడికాయో, రాణికి తెలియకుండానే ఉండిపోయింది. ఎన్నేళ్ళుగా ఆ పేర్లకి మూతి ముడుచుకున్న మనిషి, ఇప్పుడు ఆ ఒక్క పేరు కోసం నిద్ర మానేసింది.

ఆస్థాన వైద్యులు చేతులెత్తేశాక కొండ మీంచి ఒక మంత్రసాని దిగింది. చంకలో చిన్న మట్టికుండ, నోట్లో వక్కపలుకు. రాజు కళ్ళల్లోకి కిటికీలోంచి తొంగి చూసినట్టు చూసింది.

"ఈయన తలలో ఒక ఊరుంది తల్లీ. నీ తలలోనూ ఉంది, నా తలలోనూ ఉంది. ఈయన ఊళ్ళో మాటల వీధి కూలిపోయింది."

"మిగతా వీధులో అవ్వా?"

రాజు ఐదో గారె అందుకుంటున్నాడు. "తిండి వీధి బ్రహ్మాండంగా ఉంది, చూస్తున్నాగా," అంది మంత్రసాని.

రాణికి నవ్వొచ్చింది. రాజు పడ్డాక అదే మొదటిసారి.

ముసలమ్మ కుండ మూత తీసింది. లోపల నీళ్ళలాంటిదేదో ఉంది, పాలలాంటిదేదో కలిసి. "వీళ్ళు ఇంకా ఏమీ కానివాళ్ళు. కంసాలి కాదు, కుమ్మరి కాదు. ఎక్కడ దిగితే అక్కడివాళ్ళయిపోతారు. ఏది వింటే అది నేర్చుకుంటారు. కూలిన వీధి వీళ్ళే కట్టాలి." రాజు ముక్కులో మూడు చుక్కలు వేసింది. చుక్కకి వెయ్యిమంది దిగారు.

"ఇంతేనా?"

"ఇంతే అయితే కుండ పంపేసేదాన్ని, ఈ మోకాళ్ళతో నేనెందుకు దిగుతాను? విను. ఊరికే కూర్చోబెడితే వీళ్ళు పని నేర్వరు. చెవుల్లోంచి, కళ్ళల్లోంచి, వేళ్ళల్లోంచి సరుకు అందుతూ ఉండాలి. అంగడి గోల కావాలి. పిల్లల అల్లరి కావాలి. అదిగో, పంజరంలో ఆ చిలక ఇక్కడే ఉండాలి. ఆయనకి నొప్పిగా ఉంటుంది. ఏడుస్తాడు. ఏడవనీ. వానాకాలం పోయేలోగా వాళ్ళు ఏ పని పట్టుకుంటే అదే వాళ్ళ పని. నా దగ్గర ఇంకో కుండ లేదు."

"అలాగే అవ్వా," అంది రాణి. మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు మంచం చుట్టూ సంత దిగింది. గాజులవాళ్ళు, కూరలవాళ్ళు, డప్పులు, ముక్కు కారే పిల్లలు పదిమంది. పంజరంలోంచి చిలక అచ్చం రాజు గొంతుతో అరిచింది: "ఏమే చింతపండు జాడీ, అలిగావా?" ఎప్పటిదో ఆ పేరు. రాజు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మొహం వంకర్లు పోయింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారి మెడ మీదికి జారాయి.

రాణి మధ్యాహ్నం దాకా ఓర్చుకుంది. అంతవరకే ఓర్చుకుంది.

ఆ రాజ్యంలో పండేది పత్తి ఒక్కటే. కాబట్టి అక్కడ ప్రతిదానికీ మందు దూదే. గాయమైతే దూది, జ్వరమొస్తే దూది, అత్తగారొస్తే చెవుల్లో దూది. ఇంట్లో ఎవరైనా మంచం పడితే ఇరుగుపొరుగులే వచ్చి గంటలకీ రోకళ్ళకీ దూది కట్టిపోతారు. అంతకంటే పెద్ద మర్యాద లేదు. కట్టనివాణ్ణి మనిషిగా చూడరు.

"దూది తెప్పించండి," అంది రాణి.

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "మహారాణీ, మంత్రసాని మరోలా చెప్పింది కదా..."

"ఆవిడ చెప్పేసి కొండెక్కింది. ఈ కన్నీళ్ళు తుడుస్తున్నది నేను."

ఆ సాయంత్రానికి కోటంతా తెల్లబడింది. ఏనుగు గంటలకి దూది. దాసీల అందెలకి దూది. రోట్లో దూది, తలుపు మడతబందుల్లో దూది. కొబ్బరికాయ కొట్టాలన్నా ముందు దూదిలో చుట్టాలి, ఎలా కొట్టారో వాళ్ళకే తెలియాలి. చిలకని కోట బయట పత్తి గింజలు తీసే కొట్టానికి పంపేశారు. రాణి స్వయంగా గది గుమ్మంలో కూర్చుంది. ఎవరొచ్చినా పెదాల మీద వేలు పెట్టేది.

"ష్."

రాజు ఏడుపు మానేశాడు. మొహం తేటపడింది. కుదుటపడుతున్నాడని అందరూ అన్నారు, సైగలతో.

రాజు తలలో ఆ మూడువేలమంది మాటల వీధిలో మొండిగోడల నీడన కూర్చుని ఉన్నారు. పక్క వీధి ముసలాయన్ని అడిగారు.

"మేమేం పని నేర్చుకోవాలి తాతా?"

"వీధి గుమ్మం దగ్గర కాచుకోండి. బయట్నించి ఏ సరుకొస్తే ఆ వ్యాపారం."

కాచుకున్నారు. ఒక రోజు గడిచింది. పది రోజులు గడిచాయి. కుర్రతనం కదా, చేతులు దురదపెట్టాయి. బండ్లు రాలేదు, మూటలు రాలేదు. రోజుకి వందసార్లు వచ్చింది ఒకటే సరుకు, చిన్నది, మెత్తనిది, ప్రేమతో పంపింది. వాళ్ళు దాన్ని జాగ్రత్తగా విప్పారు. తిరగేసి బోర్లేసి చూశారు. నేర్చుకున్నారు.

వానలు వెనకబట్టాయి. ఒక పొద్దున రాజు మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. రాణి వైపు చూశాడు, నోరు తెరిచాడు. ఈసారి వెతుక్కోలేదు.

"ష్," అన్నాడు.

రాణి ఎగిరి గంతేసింది. మాట! మొదటి మాట! నవ్వుతూ ఏడుస్తూ మంత్రిని పిలిచింది. మంత్రి వచ్చి "ప్రభూ!" అన్నాడు. "ష్," అన్నాడు రాజు. అన్నం వడ్డిస్తే "ష్". ఆకలైతే "ష్". సూర్యుడు కిటికీలోకొస్తే "ష్". సాయంత్రానికి రాణి నవ్వు ఆగిపోయింది.

మంత్రసానిని పల్లకీలో దించారు. ముసలమ్మ గుమ్మంలోనే ఆగి, తలుపుకి కట్టిన దూదిని రెండు వేళ్ళతో తాకి చూసింది. తర్వాత రాజు కళ్ళల్లోకి చాలాసేపు చూసింది.

"వీధి చక్కగా కట్టారు తల్లీ. ఒక్క ఇల్లూ ఖాళీ లేదు."

"మరి?"

"అందరిదీ ఒకటే వ్యాపారం."

రాణి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "తిట్టు అవ్వా. కనీసం తిట్టు."

"ఏమని తిట్టను? కన్నీళ్ళు చూడలేకపోయావు. రాయి లాంటి మనసుంటే ఈపాటికి ఆయన నిన్ను తిడుతూ ఉండేవాడు." కుండ చంకన పెట్టుకుని లేచింది. "ఏ సందులోనైనా ఒకడు ఇంకా ఏమీ కాకుండా మిగిలి ఉంటే... ఏమో. నాకు కనబడలేదు. నా కళ్ళు కూడా ముసలివే."

ఆ రోజే దూదంతా పీకించారు. గంటలు మోగాయి, రోకళ్ళు మోగాయి, ఆర్నెల్లు నోరు కట్టుకున్న పిల్లలు కోటంతా దద్దరిల్లించారు. రాజు ఏడవలేదు. గది గదికీ తిరిగి, ప్రతి ఒక్కరి దగ్గరా ఓపిగ్గా ఆగి, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

చివరికి కొట్టం నుంచి చిలక వచ్చింది. ఆర్నెల్లు పత్తి ఆడవాళ్ళ మధ్య ఉందేమో, నిగనిగలాడుతోంది. రెండు పాటలు నేర్చింది. ఒక తగువు మొదట్నించి చివరిదాకా నేర్చింది. "నా దువ్వెన నువ్వే తీశావు, ఒట్టేసి చెప్పు!" అని రాణిని గద్దించింది. తర్వాత తల పక్కకి వాల్చి, రాజు వైపు చూసి, గొంతు మార్చింది.

"ఏమే చింతపండు జాడీ, అలిగావా?"

అదే గొంతు. అదే వెటకారం, చివర్న అదే చిన్న నవ్వు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. పంజరం వైపు ఒక అడుగు వేసి, వేలెత్తి, పెదాలు సున్నాలా చుట్టాడు.

రాణి గబుక్కున అతని నోటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకోసారి," అంది చిలకతో. "ఇంకొక్కసారి అను."

చిలక అంది. రాజు కళ్ళు రాణి మీదే ఉన్నాయి. ఆమె అరచేతి కింద అతని పెదాలు కదిలాయి. అది మళ్ళీ ఆ "ష్" అనేదో, ఆ రోజు అంబారీ మీంచి అనబోయిన పేరో, చెయ్యి తీస్తే తెలుస్తుంది.

రాణి చెయ్యి తియ్యలేదు.