రెండో గాటు

ఫోటో చూసి వెండి నాణెం అసలుదో నకిలీదో చెప్పేస్తాడని ఆన్‌లైన్ వేలాల గ్రూపులో నరహరికి పేరుంది. కరిగించి అచ్చులో పోసినప్పుడు పడే పోతగీత అంచు మీద మిగిలిపోయినవి, పొగ పట్టించి పాతవిగా చేసినవి, అక్షరాలు అరిగిన సబ్బులా మెత్తబడినవి, అన్నీ ఫోన్ తెర మీదే పట్టేసేవాడు. ఇంతవరకూ అతని మాట తప్పలేదు. ఆ ఆదివారం మాత్రం గ్రూపులో ఒకాయన ఎదురడిగాడు.

"చేతిలో పట్టుకుని చూడకుండా అసలుదని ఎలా రాశారండీ?"

వేలానికి వచ్చింది ఆదోని టంకశాలలో ముద్రించిన మొఘల్ కాలపు వెండి రూపాయి. రాత్రికి వేలం ముగుస్తుంది. నరహరి మాట నమ్మి పాట పెంచుతున్నవాళ్లలో అతనితో బ్యాంకులో పనిచేసే సుంకన్న కూడా ఉన్నాడు. ఆదోని సుంకన్న సొంత ఊరు. ఆ ఊరి నాణెం ఒక్కటైనా ఇంట్లో ఉండాలని, కొనాలనుకున్న బండి మానుకుని మరీ దిగాడు.

నరహరి గ్రూపులో వాదన పెట్టుకోలేదు. గురువు చేత ఒక్క మాట రాయిస్తే అందరి నోళ్లూ మూతపడతాయని కర్నూలు పాతబస్తీలోని సుల్తానా మేడం ఇంటికి బయల్దేరాడు.

మేడం చరిత్ర లెక్చరరుగా రిటైరయ్యారు. నాణెం చూడటం అతనికి నేర్పింది ఆవిడే. ఫీజు తీసుకోరు, మెచ్చుకోరు.

అతను వెళ్లేసరికి ఆవిడ ఉగ్గాని తింటున్నారు.

"తిన్నావా?"

"తిన్నాను మేడం."

"అయితే నన్ను తిననీ."

అతను ఆగలేక ఫోన్ చూపించి సంగతంతా చెప్పాడు. ఆవిడ తెర వైపు ఒకసారి చూసి ప్లేటు వైపు తిరిగారు.

"అసలుదని ఎట్ల తేల్చినావు?"

"మీ రూపాయితో పోల్చి."

మేడం బీరువాలో, మిఠాయి డబ్బాలో, అదే టంకశాల రూపాయి ఒకటుంది. నరహరి ఈ ఇంట్లో మొట్టమొదట పట్టుకున్న నాణెం అదే. తర్వాత ఎన్ని ఆదివారాలు పట్టుకున్నాడో. దాని మీద ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలడు.

"అచ్చం అదే మేడం. ఎడమవైపు అక్షరాలు అంచు దాటిపోయిన తీరు, కింద సన్నటి పగులు, వెండి మంచిదో కాదో చూడటానికి అప్పటి షరాబు ఎవరో పెట్టిన ఉలిగాటు, అన్నీ."

"గాటు కూడానా?"

"గాటు కూడా. అదే చోట, అదే వాలు. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?"

మేడం లేచి చెయ్యి కడుక్కున్నారు. లోపలికి వెళ్లి ఒక జత ఉక్కు అచ్చులు, సుత్తి, ఉలి, గుప్పెడు సీసం బిళ్లలు తెచ్చారు. పూర్వం రూపాయి ఎలా ముద్రించేవారో కాలేజీ పిల్లలకు చూపించడానికి చేయించుకున్న సరంజామా అది. ఒక అచ్చు మొద్దులో దిగేసి ఉంటుంది. దాని మీద బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సుత్తితో కొట్టాలి. అచ్చు బిళ్ల కన్నా పెద్దది. అక్షరాల్లో ఎన్ని బిళ్ల మీద పడతాయో, ఎన్ని బయటికి పోతాయో కొట్టేవాడి చెయ్యిని బట్టి ఉంటుంది.

"రెండు కొట్టు. ఒకదాని మాదిరే ఇంకొకటి ఉండాల."

"ఇప్పుడా మేడం? రాత్రికి వేలం అయిపోతుంది."

"రాత్రికి గదా."

నరహరి కింద కూర్చుని కొట్టాడు. ఒక బిళ్లకు ఎడమ అక్షరాలు పోయాయి. ఇంకోదానికి కుడివి పోయాయి. ఆ తర్వాతది చంద్రవంకలా ఒక పక్కే పడింది.

"బ్యాంకులో పొద్దస్తమానం ముద్రలేసే చెయ్యేనా ఇది?"

"ఆఫీసరయ్యాక ముద్రలు వేయడం లేదు మేడం."

"కనపడతానే ఉంది."

చొక్కా చేతులు పైకి మడిచి మళ్లీ మొదలుపెట్టాడు. బిళ్లలు దాదాపు అయిపోవస్తుండగా రెండు దగ్గరగా కుదిరాయి. వాటిని పక్కపక్కన పెట్టి నడుం నిటారుగా చేసుకున్నాడు.

"చూడండి మేడం. దాదాపు ఒకటే."

"దాదాపే."

మేడం ఉలి తీసుకుని ఒక బిళ్ల అంచున ఆనించి ఒక్క దెబ్బ వేశారు. ఉలి, సుత్తి అతని చేతిలో పెట్టారు.

"ఇదే గాటు రెండోదానికీ పెట్టు. అదే చోట, అదే వాలు."

నరహరి ఉలి ఆనించాడు. కొంచెం జరిపాడు. ఇంకొంచెం తిప్పాడు. సుత్తి ఎత్తాడు.

కొట్టకుండానే దించాడు.

మేడం ఖాళీ ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్లారు.

"చేత్తో పెట్టిన గాటు ఇంకోసారి రాదు," అన్నాడు నరహరి, ఎవరూ లేని గదిలో. "ఒకదాని నుంచి అచ్చు తీసి పోత పోస్తేనే వస్తుంది."

వెంటనే సుంకన్నకు ఫోన్ చేశాడు.

"పాట ఆపెయ్యి. అది నకిలీ."

"పొద్దున అసలుదంటివి గదన్నా?"

"అంటిని. తప్పు."

"అయితే బండి కొనుక్కోమంటావా?"

"కొనుక్కో."

ఫోన్ పెట్టేశాక అతని చూపు బీరువా మీద పడింది. మేడం తిరిగొచ్చేదాకా అక్కడే ఉంది.

"మేడం, మీ రూపాయి ఎప్పుడైనా ఇల్లు దాటిందా? ఎవరైనా దాని నుంచి అచ్చు తీసుకుని ఉంటారా?"

"నా బీరువాలోంచా?"

"అంటే ఆ ఫోటోలోదీ మీదీ రెండూ ఇంకెక్కడో ఉన్న అసలుదాని పోతలై ఉండాలి. మీకు ముందే తెలుసు."

"కొన్న వారానికే తెలిసింది. ఇదే గాటున్న అసలుది మ్యూజియంలో చూసినా."

"మరి నాకు అసలుదని చెప్పారు."

"చెప్పినానా? బాగా గుర్తు చేసుకో."

నరహరి గుర్తు చేసుకున్నాడు. మొదటి ఆదివారం ఆవిడ దాన్ని అతని అరచేతిలో పెట్టి, "చూడు" అన్నారు. అంతకుమించి ఒక్క మాటా అనలేదు.

అతను ఫోన్ తీసి గ్రూపులో రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి తలెత్తాడు.

"మీ రూపాయి సంగతి కూడా రాయనా మేడం?"

"రాయకుంటే సగమే చెప్పినట్టు."

రాశాడు. తను చెప్పింది తప్పని, వేలంలో ఉన్నది నకిలీ అని, దేనితో పోల్చి అసలుదన్నాడో, తన గురువు దగ్గరున్న ఆ రూపాయి కూడా నకిలీయేనని.

పొద్దున ఎదురడిగిన ఆయనే మళ్లీ అడిగాడు. "మరి మీ గురువుగారి నాణెమైనా చేతిలో పట్టుకుని చూశారా?"

నరహరి మిఠాయి డబ్బాలోంచి రూపాయి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. అంచును వెలుతురుకు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. ఆకురాయితో అరగదీసిన పోతగీత, వెంట్రుకంత, చుట్టూతా కనబడింది.

జవాబు టైప్ చేశాడు.

"ఏళ్లుగా పట్టుకున్నాను. ఈరోజే చూశాను."